ఎలుగుబంటి నిద్ర, ఇరవై ఏళ్ళ పని

ఇంట్లో ఎవరికైనా జ్వరం తగిలి నాలుగు రోజులైనా తగ్గకపోతే డాక్టరుగారు చీటీ మీద ఒక మాత్ర పేరు రాసిస్తారు. మూడు రోజులు వేసుకునేసరికి జ్వరం దిగుతుంది. ఆ మాత్ర లోపలికి వెళ్ళి ఏం చేసిందని మనం అడగం. జ్వరం దిగింది, అదే పదివేలు. కాని కాస్త నిదానించి ఆలోచిస్తే అడగవలసిన ప్రశ్న ఒకటి వున్నది. మనకు జ్వరం తెప్పించిన క్రిమీ ప్రాణే, మనమూ ప్రాణులమే. దాని లోపల జరిగే పనులూ మన ఒంట్లో జరిగే పనులూ చాలా వరకు ఒక్కలాంటివే. అటువంటప్పుడు క్రిమిని చంపే మందు మనల్ని ఎందుకు చంపదు?

ఈ ప్రశ్నకు కంటితో చూసి చెప్పగలిగిన సమాధానం 2000 సంవత్సరం తర్వాతగాని దొరకలేదు. అది దొరకడానికి ముందు ఒక స్త్రీ, నలుగురూ నవ్వుతున్నా వినిపించుకోకుండా, అయ్యే పని కాదని పెద్దలు తేల్చేసిన పనిని పట్టుకుని ఇరవై ఏళ్ళు కూర్చోవలసి వచ్చింది. ఆవిడ పేరు అదా యోనాత్. ఈ వారం ఆవిడ కథ చెప్పుకుందాం.

ముందు ఆ పని ఏమిటో తెలియాలి. మన శరీరంలో ఏది జరగాలన్నా మాంసకృత్తులు కావాలి. ప్రోటీనులంటే అవే. పప్పులోనూ పాలలోనూ వుంటాయని, పిల్లలకు పెట్టమని డాక్టర్లు చెబుతూ వుంటారు గదా, అవి ఒక్క కండ పట్టడానికే అనుకోకండి. నెత్తురులో ప్రాణవాయువును మోసేది ఒక మాంసకృత్తు. తిన్న అన్నాన్ని అరిగించేవి కొన్ని. మన వెంట్రుకా గోరూ కూడా మాంసకృత్తులే. అయితే మనం తిన్న పప్పులోని మాంసకృత్తు ఉన్నదున్నట్టుగా పోయి మన కండలో చేరదు. కడుపులో అది అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలుగా విడిపోతుంది. ఆ ముక్కలు ఇరవై రకాలు. శరీరంలోని ప్రతి కణమూ ఆ ముక్కల్ని తనకు కావలసిన వరసలో మళ్ళీ గుచ్చి, తన మాంసకృత్తుల్ని తానే తయారు చేసుకుంటుంది.

ఆ గుచ్చే యంత్రం పేరు రైబోజోము. గుడి ముందు కూర్చుని దండలు గుచ్చే మనిషిని ఒకసారి తలుచుకోండి. ఏ పువ్వు తర్వాత ఏ పువ్వు రావాలో రాసిన చీటీ ఆమెకు అందుతుంది. కణంలో డి.ఎన్.ఏ. అనే పెద్ద పుస్తకం భద్రంగా దాచి వుంటుంది. చీటీ అందులోంచి ఎత్తి రాసిన నకలు. దాన్ని ఆర్.ఎన్.ఏ. అంటారు. చీటీలో మూడేసి అక్షరాలు కలిసి ఒక పువ్వు పేరు. ఆ భాషను విప్పి చెప్పినందుకే మన హరగోవింద ఖొరానాగారికి మరి ఇద్దరితో కలిపి 1968లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇక పూలను తెచ్చి అందించేవాళ్ళు వేరే. అవి ఇంకో రకం ఆర్.ఎన్.ఏ.లు. రైబోజోములో రెండు భాగాలున్నాయి. తెచ్చిన పువ్వు చీటీతో సరిపోయిందా లేదా అని చూడటం చిన్న భాగం వంతు. సరిపోయిన దాన్ని దండకు కలపడం పెద్ద భాగం వంతు. తయారైన దండ పెద్ద భాగంలోని ఒక సన్నని సొరంగం గుండా బయటికి వస్తుంది. వచ్చి తన రూపానికి తగ్గట్టు ముడుచుకుంటుంది.

క్రిముల్లో ఈ యంత్రం సెకనుకు పదిహేను, ఇరవై పూలు గుచ్చగలదు. వేల పూలకు ఒకటి తప్పుతుందంటే గొప్ప. ఇంత పనీ చేసే ఆ యంత్రం పరిమాణమో, ఒక మిల్లీమీటరును నలభై వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. 1955 ప్రాంతంలో జార్జి పలాడీ అనే శాస్త్రజ్ఞుడు ఎలెక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఉత్త చుక్కల్లాగా కనిపించాయి. చుక్కను చూసి యంత్రం ఎలా తిరుగుతుందో ఎవరు చెప్పగలరు?

అంత చిన్న వస్తువు లోపలి నిర్మాణాన్ని చూడటానికి ఆ రోజుల్లో ఒక్కటే దారి. పాకంలో దారం వేలాడదీసి కదపకుండా వుంచితే పటికబెల్లం పలుకులు కడుతుంది. అలాగే చూడదలచిన వస్తువును స్ఫటికంగా కట్టించాలి. స్ఫటికమంటే కోట్లాది అణువులు కవాతులో సిపాయిల్లాగా వరసలు తీరి నిలబడటం. దాని మీదికి ఎక్స్ కిరణాలు పంపితే అవి చెదిరి ఫిల్ము మీద చుక్కల ముగ్గు వేస్తాయి. ఆ ముగ్గును లెక్కగట్టి, ఏ పరమాణువు ఎక్కడ వుందో తేల్చుకోవాలి. ఉప్పు, పంచదార వంటి వాటికి ఇది సులభం. చిన్న చిన్న మాంసకృత్తులకు కష్టం. రైబోజోములో యాభైకి పైగా మాంసకృత్తులు, మూడు ఆర్.ఎన్.ఏ. పేటలు కలిసి లక్షల పరమాణువులున్నాయి. పైగా అది మెత్తన, నిలకడ లేనిది, ఇట్టే చెడిపోయేది. అది స్ఫటికం కట్టదు గాక కట్టదని చాలామంది నిశ్చయించుకున్నారు.

అదా యోనాత్ 1939 జూన్ 22న జెరూసలేములో పుట్టింది. తల్లిదండ్రులు పోలండు నుంచి వలస వచ్చినవారు. తండ్రి యూదు మతగురువు. చిన్న కిరాణా దుకాణం నడిపేవాడు. నాలుగు గదుల ఇంట్లో మరి రెండు కుటుంబాలతో కలిసి కాపురం. అయిదేళ్ళ వయసులో ఆ పిల్లకు తమ వసారా ఎంత ఎత్తుందో కొలవాలని బుద్ధి పుట్టింది. బల్ల మీద బల్ల వేసి, దాని మీద కుర్చీ, కుర్చీ మీద పీట వేసి ఎక్కింది. ఎక్కి, పెరట్లో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. తర్వాత ఆ ఇంట్లో చేరినవారు పైకప్పు మార్చేశారు గనక ఆ పరిశోధన ఫలితం నేటికీ తేలలేదని పెద్దయ్యాక ఆవిడే నవ్వుతూ రాసుకుంది.

ఆమెకు పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఇల్లు గడవటం కష్టమైంది. ఇళ్ళు తుడిచింది, పసిపిల్లల్ని కనిపెట్టుకుని వున్నది, చిన్నపిల్లలకు పాఠాలు చెప్పింది. తల్లి పిల్లల్ని తీసుకుని టెల్ అవీవు చేరాక, మంచి బడిలో జీతం కట్టుకోవడానికి లెక్కల ట్యూషన్లు చెప్పింది. అంత ఇబ్బందిలోనూ ఆ తల్లి, కూతుర్ని చదువు మానిపించి పనిలో పెడదామని అనుకోలేదు. ఈ కథలో ఎవరి పేరూ వినిపించని చోట చేసిన పెద్ద పని ఆ తల్లిది.

జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో 1962లో డిగ్రీ, 1964లో ఎం.ఎస్‌సి. పూర్తి చేసి, వైజ్‌మన్ సంస్థలో 1968లో డాక్టరేటు పుచ్చుకుంది. ఆ పరిశోధన కొల్లాజెన్ మీద. మన చర్మానికీ ఎముకకూ పట్టునిచ్చే మాంసకృత్తు అది. అది మూడు పాయల జడలాగా అల్లుకుని వుంటుందని 1954, 55 సంవత్సరాల్లో లోకానికి చెప్పినవారు మద్రాసులో పనిచేసిన జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. మన దక్షిణాదిన వేసిన దారిలోనే ఆ అమ్మాయి తొలి అడుగులు వేసిందన్నమాట. తర్వాత రెండేళ్ళు అమెరికాలో పనిచేసి, 1970లో స్వదేశానికి తిరిగి వచ్చి, మాంసకృత్తుల స్ఫటికాలను పరిశీలించే ప్రయోగశాలను ఆ దేశంలో మొట్టమొదటిసారిగా నెలకొల్పింది.

ఇంతలో ఒక ప్రమాదం జరిగింది. సైకిలు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. మంచం మీద వుండి ఊరికే వుండలేక దొరికినవల్లా చదవసాగింది. అందులో శీతల దేశపు ఎలుగుబంట్ల గురించిన సంగతి ఒకటి కంటబడింది. చలికాలమంతా నిద్రపోయే ఎలుగుల కణాల్లో రైబోజోములు చెల్లాచెదరుగా వుండక, పొర వెంబడి బారులు తీరి సర్దుకుని వుంటాయట. ఎందుకై వుంటుందని ఆలోచించింది. నెలల తరబడి నిద్ర. లేచిన వెంటనే పని మొదలుపెట్టాలి. అప్పటి దాకా యంత్రాలు చెడిపోకూడదు. వేసవి రాగానే మనం కంబళ్ళూ రగ్గులూ మడతపెట్టి పెట్టెలో సర్దినట్టు, కణం తన రైబోజోముల్ని సర్ది భద్రం చేసుకుంటున్నది. అయితే వరసగా సర్దుకునే గుణం రైబోజోముకు స్వతహాగానే వున్నది గదా! కణం లోపల సర్దుకోగలిగింది గాజునాళంలో ఎందుకు సర్దుకోకూడదు?

ఆలోచన బాగానే వున్నది. కావలసిన శుద్ధమైన రైబోజోములు మాత్రం తన దగ్గర లేవు. బెర్లినులోని మాక్స్ ప్లాంక్ సంస్థలో విట్‌మన్ అనే పెద్దాయన దగ్గర అవి దండిగా వున్నాయి. అక్కడికి వెళ్ళింది. ఎలాంటి క్రిమి రైబోజోములు తీసుకోవాలి? కష్టంలో బతికే క్రిమివైతే గట్టిగా వుంటాయని ఊహించి, వేడినీటి బుగ్గల్లో కూడా బతకగల క్రిమిని ఎంచుకుంది. 1980లో మొదటి స్ఫటికాలు కట్టాయి. కంటికి ఆనీ ఆననంత చిన్నవి, కిరణాలు వేస్తే సరైన ముగ్గు కూడా పడనివి. అయినా స్ఫటికం స్ఫటికమే! తర్వాత ఏ చేపా బతకని మృతసముద్రపు ఉప్పునీళ్ళలో హాయిగా బతికే క్రిమిని పట్టుకుంది. దాని రైబోజోముల పెద్ద భాగం ఇంకా మేలైన స్ఫటికాలు కట్టింది.

ఇకనేం, పని అయిపోయిందనుకోకండి. అసలు కష్టం అప్పుడే మొదలైంది. శ్రమపడి పెంచిన స్ఫటికం మీద బలమైన ఎక్స్ కిరణాలు పడగానే అది చెడిపోతున్నది. ముగ్గు పూర్తి కాకుండానే పిండి అయిపోతున్నది. దానికి ఆమె, మరి కొందరితో కలిసి కనిపెట్టిన ఉపాయం, స్ఫటికాన్ని లిప్తపాటులో మైనస్ 180 డిగ్రీల ప్రాంతానికి చల్లబరచడం. అంత చలిలో కిరణాలు తగిలినా స్ఫటికం నిలుస్తుంది. తర్వాత మాంసకృత్తుల స్ఫటికాలు చూసేవాళ్ళందరికీ ఈ పద్ధతి మామూలైపోయింది. అయినా ఇంకా సరిపోలేదు. ఆ చుక్కల ముగ్గును బొమ్మగా మార్చే లెక్క మాత్రం లొంగలేదు. హాంబర్గులో ఒక పరిశోధక విభాగం, ఇజ్రాయెలులో మరొకటి, రెండింటి మధ్యా తిరుగుతూ ఏళ్ళు గడిచాయి. తోటి శాస్త్రజ్ఞుల్లో కొందరు కలలు కంటున్నదన్నారు. ఊరికొక వెర్రిబాగులది వుంటుంది, మన ఊరికి ఈమె అన్నట్టు మాట్లాడినవారూ వున్నారట. తనకు అవేమీ పట్టలేదని ఆవిడ తర్వాత చెప్పింది.

స్ఫటికం కడుతుందని తేలాక, కాదన్నవారే వచ్చి పందెంలో దిగారు. అది లోకసహజం, అందులో తప్పు పట్టవలసింది కూడా లేదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలోని థామస్ స్టైట్జ్, పీటర్ మూర్ బృందం, యోనాత్ మొదట కట్టించిన మృతసముద్రపు క్రిమి స్ఫటికాల రకాన్నే తీసుకుని మెరుగుపరచి, లెక్క లొంగని చోట ఎలెక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మల సాయంతో చిక్కు విప్పింది. మరో పక్క మనవాడు వెంకటరామన్ రామకృష్ణన్. 1952లో చిదంబరంలో పుట్టి, బరోడాలో భౌతికశాస్త్రం చదివి, అమెరికాలో అందులోనే డాక్టరేటు కూడా అయ్యాక, తనకు కావలసింది అది కాదని తెలుసుకుని మళ్ళీ విద్యార్థిగా జీవశాస్త్రం తరగతిలో కూర్చున్న ధైర్యశాలి. జీతం తగ్గినా సరేనని 1999లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి ప్రయోగశాలకు వెళ్ళి రైబోజోము చిన్న భాగం మీద పనిచేశాడు.

2000 ఆగస్టులో స్టైట్జ్, మూర్ బృందం పెద్ద భాగం బొమ్మను ప్రకటించింది. సెప్టెంబరులో చిన్న భాగం బొమ్మను రామకృష్ణన్ బృందమూ, యోనాత్ బృందమూ వేరువేరుగా ప్రకటించాయి. ఇరవై ఏళ్ళ కిందట ఒంటరిగా బయలుదేరిన మనిషి గమ్యం చేరేసరికి అక్కడ మరి ఇద్దరున్నారు. 2009లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిని యోనాత్, స్టైట్జ్, రామకృష్ణన్ ముగ్గురికీ సమంగా పంచారు. దారి వేసిన వారికీ, ఆ దారిన వేగంగా నడిచిన వారికీ ఒకే పాలా అని ఎవరికైనా తోచవచ్చు. మాకు తోచేదేమంటే, దారి లేకపోతే నడక లేదు, నడిచేవారు లేకపోతే అది దారీ కాదు. రసాయనంలో ఆ బహుమతి పొందిన స్త్రీలు అప్పటికి ముగ్గురే: 1911లో మేరీ క్యూరీ, 1935లో ఆమె కూతురు ఐరీన్, 1964లో డొరతీ హాడ్జ్‌కిన్. నలభై అయిదేళ్ళ తర్వాత నాలుగో పేరు యోనాత్‌ది.

ఇంతకీ ఆ బొమ్మలో ఏం కనిపించింది? మొదటి వింత, దండకు పువ్వును కలిపే చోట మాంసకృత్తు అన్నది లేనే లేదు. అక్కడ పనంతా ఆర్.ఎన్.ఏ.ది. మాంసకృత్తుల్ని తయారుచేసే యంత్రపు గుండెకాయ మాంసకృత్తు కాదన్నమాట! జీవం మొదలైన రోజుల్లో ఆర్.ఎన్.ఏ.యే ముందు వచ్చి వుంటుందనే వారికి ఇది పెద్ద ఆధారమైంది.

రెండోది మన మాత్ర సంగతి. మనం వాడే యాంటీబయాటిక్ మందుల్లో సుమారు సగం క్రిమి రైబోజోము మీదనే దెబ్బ తీస్తాయి. ఎరిత్రోమైసిన్ దండ బయటికి వచ్చే సొరంగం మొదట్లో అడ్డం పడుతుంది. టెట్రాసైక్లిన్ చిన్న భాగంలో చేరి, పూలు తెచ్చేవాళ్ళను లోపలికి రానివ్వదు. ఈ టెట్రాసైక్లిన్ జాతికి మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి వెలువడింది. దాన్ని కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్. అక్కడి పరిశోధనలకు అప్పట్లో డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ మందు రైబోజోములో సరిగ్గా ఎక్కడ కూర్చుంటుందో కంటితో చూడటానికి మరో యాభై ఏళ్ళు పట్టింది.

మరి మన రైబోజోముల్ని ఆ మందు ఎందుకు వదిలిపెడుతున్నది? క్రిమి రైబోజోము పెద్ద భాగంలోని ముఖ్యమైన ఆర్.ఎన్.ఏ. పేటలో సుమారు 2,900 అక్షరాలున్నాయి. ఎరిత్రోమైసిన్ అతుక్కునే చోట క్రిమికి ఒక అక్షరం వుంటే, మనకు అదే స్థానంలో ఇంకో అక్షరం వున్నది. ఆ తేడాయే మందుకు ముఖ్యమైన గుర్తు. శత్రువెవరో ఇంటివాడెవరో అది గుర్తు పట్టేది దాదాపు ఆ ఒక్క అక్షరంతో.

ఆ ఒక్క అక్షరంలోనే మనకు రాబోయే గండం కూడా వున్నది. క్రిమి తన అక్షరాన్ని మార్చుకున్నా, దాని మీద ఒక చిన్న మూత తగిలించుకున్నా మందు ఇక పట్టదు. క్రిములు ఈ విద్య నేర్చుకుంటున్నాయి. మందును చూసిన ప్రతిసారీ లొంగే క్రిములు చస్తాయి, లొంగనివి మిగిలి సంతానాన్ని పెంచుకుంటాయి. అంచేత అవసరం లేనప్పుడు వేసుకునే ప్రతి మాత్రా క్రిములకు మనం చెప్పే ఉచిత ట్యూషనే. మందులకు లొంగని క్రిముల మూలాన 2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు 12 లక్షల 70 వేల మంది పోయారని శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు.

ఇక్కడ మన ఇళ్ళ సంగతి కాస్త చెప్పుకోవాలి. జలుబుకు కారణమైన వైరసుకు సొంత రైబోజోమే లేదు. మన కణాల్లోని రైబోజోములనే వాడుకుంటుంది. లేని యంత్రాన్ని ఏ మాత్ర ఆపగలదు? అయినా తుమ్ము రాగానే షాపుకు వెళ్ళి, పోయినసారి పెద్దబ్బాయికి పనిచేసిన మాత్ర పేరు చెప్పి తెచ్చుకోవడం మనకు అలవాటు. పక్కింటి పిన్నిగారికి మిగిలిన నాలుగు మాత్రలు మన అమ్మాయికి పెట్టడం కూడా అలవాటే. మాత్రల అట్ట మీద ఎర్రని నిలువు గీత వుంటే, డాక్టరు రాయకుండా వేసుకోకూడదని అర్థం. 2016లో మన ప్రభుత్వం ఆ గీత గురించి దేశమంతటా ప్రచారం కూడా చేసింది. ఆ గీత మీ కంట పడితే కాసేపు ఆగండి. డాక్టరు రాసిన మందును రాసినన్ని రోజులు, రాసినట్టే వాడండి.

బహుమతి వచ్చాక యోనాత్ పని మానుకోలేదు. ఆసుపత్రుల్లో మొండి పుండ్లకూ నెత్తురు విషమించడానికీ కారణమయ్యే స్టాఫిలోకాకస్ క్రిమి రైబోజోము ఎలా వుంటుందో ఆమె బృందం 2015లో బయటపెట్టింది. ఇప్పటి మందులు చాలావాటికి మంచి క్రిమీ చెడ్డ క్రిమీ ఒకటే; మన కడుపులోని మేలు చేసే వాటిని కూడా ఊడ్చేస్తాయి. జబ్బు తెచ్చే క్రిమికి మాత్రమే వున్న ప్రత్యేకత ఏదో పట్టుకుంటే, దాన్నొక్కదాన్నే కొట్టే మందు చేయవచ్చునన్నది ఆవిడ ఆశ. ఈలోగా కాలం మారింది. స్ఫటికమే అక్కరలేకుండా, గడ్డకట్టించిన రైబోజోములను ఎలెక్ట్రాన్ మైక్రోస్కోపులోనే పరమాణువుల దాకా చూసే పద్ధతి వచ్చింది. అందుకు 2017లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఇరవై ఏళ్ళు పట్టిన పని ఇప్పుడు నెలల్లో అవుతున్నది. అంత మాత్రాన ఆ ఇరవై ఏళ్ళూ వృథా అనడానికి లేదు. చూడవచ్చునని ఒకరు నమ్మి చూపించబట్టే, సులభంగా చూసే దారి ఇంకొకరు వెతికారు.

ఒకసారి చిన్న మనవరాలు తన పిల్లల బడికి ఆవిడను పిలిపించి, రైబోజోమంటే ఏమిటో తోటిపిల్లలకు చెప్పించిందట. నోబెల్ సభలో చెప్పడం కన్నా అదే కష్టమై వుంటుందని మా అనుమానం.

మీ ఇంట్లో కూడా ఏ అమ్మాయో బల్ల మీద బల్ల వేసి ఎక్కుతూ వుండవచ్చు. చెయ్యి విరుగుతుంది, వెంటనే దింపండి. దింపాక మాత్రం తిట్టడానికి ముందు, దేన్ని కొలుద్దామని ఎక్కావమ్మా అని ఒక్కసారి అడగండి.